తామరగెడ్డ రాష్ట్రం మామిడిపండు తినబోయిన వైనం

తామరగెడ్డ అనే రాష్ట్రం ఒకటి ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోనీండి. ఉన్నన్నాళ్ళు అది ఉందని నమ్మించడానికే దాని ఉద్యోగులకి పొద్దు చాలేది కాదు. చుట్టూ కొండలు, నడుమ గెడ్డ అనే కొండవాగు, గెడ్డకి ఇరువైపులా నలభై ఊళ్ళు. అంతే దేశం. ఉత్తరపు పొలిమేరలో ఆంబోతు రంకె వేస్తే దక్షిణపు పొలిమేరలో ఆవులు తలెత్తి చూసేవి. రాజా ఉద్దండ మల్లరాజు బహద్దూర్ వారు ఢిల్లీ కాగితం మీద సంతకం గీకి సంస్థానాన్ని అప్పగించేశాక, దీన్ని ఏ పక్క రాష్ట్రంలో కలపాలో పైవాళ్ళకి తేలలేదు. ఇటువాళ్ళు మాకొద్దన్నారు. అటువాళ్ళు మాకసలే వద్దన్నారు. తేలేదాకా అదే ఒక రాష్ట్రంగా పడి ఉండనీ అని ఎవరో పెద్దమనిషి విసుక్కున్నాడు. ఆ విసుగులోంచి తామరగెడ్డ రాష్ట్రం పుట్టింది. ఏనుగులసాలలోంచి ఏనుగులు బయటికి నడిచాయి, సచివాలయం లోపలికి నడిచింది.

రాష్ట్రమన్నాక చట్టాలుండాలి కదా. కొత్తవి రాయాలంటే ఓపిక కావాలి. న్యాయశాఖ కార్యదర్శి సోమయాజులుగారు మడికట్టుకున్నంత శ్రద్ధగా ఆలోచించి ఒక్క వాక్యంతో పని తెమిల్చారు. "సంస్థానపు శాసనములు, ఆచారములు, మామూళ్ళు యావత్తును యథాతథముగా అమలులో నుండును, ఎచ్చటెచ్చట రాజు అని యున్నదో అచ్చటచ్చట రాష్ట్రము అని చదువుకొనవలెను." ముఖ్యమంత్రి వెంకటపతిగారు ఆ వాక్యం విని, ఇంత చిన్నదాంట్లో ఇంత పెద్ద పని ఎలా పట్టిందయ్యా అని మెచ్చుకుని శాలువా కప్పారు.

ఆ వాక్యం మెల్లగా పని మొదలెట్టింది. నరకచతుర్దశినాడు రాజుగారికి తలంటు పొయ్యాలని పాత శాసనం. రాష్ట్రానికి తల ఎక్కడుందో సర్వేశాఖ వారు నెలరోజులు వెతికి, ఉత్తరపు సరిహద్దు రాయికి నువ్వులనూనె మర్దించి, కుంకుడురసం పోశారు. రాజుగారికి పడిశం పట్టిన రోజున కచేరీలకి సెలవు. కాబట్టి రాష్ట్రానికి పడిశం పట్టిందో లేదో రోజూ పొద్దున్నే ధ్రువపరచడానికి ఆరోగ్యశాఖ ఒక డాక్టరుని వేసింది. ఆయన గెడ్డ ఒడ్డున నిలబడి గాలి పీల్చి చూసేవాడు. ఆ వానాకాలమంతా రాష్ట్రానికి పడిశం వదల్లేదు, కచేరీల తలుపులు తెరుచుకోలేదు. జనం నవ్వుకున్నారు. నవ్వుకోక ఏం చేస్తారు, అప్పటికింకా ఆ వాక్యం ఎవరి నోటిదగ్గర ముద్దా లాక్కోలేదు. తరవాత ఎండాకాలం వచ్చింది.

తామరగెడ్డలో పచ్చిమామిడికి చట్టం లేదు. ఆవకాయ పెట్టుకోండి, పప్పులో వేసుకోండి, ఉప్పూకారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా నమలండి, అడిగేవాడు లేడు. పండు దగ్గరికొచ్చేసరికే పట్టు. జోగన్న అనే ముసలి రైతు తోటలోని పెద్దచెట్టు తొలిపండు రాజుగారు తిని "బాగుంది" అనాలి. అన్న వెంటనే కోటమీద ఫిరంగి పేలాలి. ఆ చప్పుడు చెవిన పడ్డాకే నలభై ఊళ్ళలో ఎవరైనా మామిడిపండు నోట పెట్టాలి. ముందే తింటే శిక్ష సంగతి అలా ఉంచండి, ఆ ఏడు గెడ్డ పొంగి ఊళ్ళు ముంచేస్తుందని జనం భయం. అందుకని కాపలా లేకపోయినా దొంగతనంగా తిన్నవాడు లేడు.

ఆ తొలిపండుని గంపలో పెట్టి కోటకి మోసే హక్కు జోగన్న ఇంటివాళ్ళది. జోగన్న కుర్రతనం నుంచీ మోశాడు. ఇప్పుడు మంచానికి అతుక్కుపోయాడు. గంజి తాగడు, మందు మింగడు. వైద్యుడొచ్చి నాడి పట్టి, "ప్రాణం ఎప్పుడో బయల్దేరిందమ్మా, పండు కోసం దారిలో ఆగింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఈ ముసలాణ్ణి చూసుకుంటున్నది కోడలు దాలమ్మ.

కోడలంటే ఉత్త కోడలు కాదు. మొగుడు పాము కరిచి పోయిన ఏడాది, ఆడదానికి తోటెందుకని జోగన్న అన్నదమ్ముల కొడుకులు కర్రలు పట్టుకొచ్చారు. ముసలాడు చెట్టు మొదట్లో చాప పరుచుకుని కూర్చున్నాడు. "దాలమ్మ నా కొడుకురా. ఆడపుటక పుట్టిన కొడుకు. కాదన్నోడు ముందు నన్ను కొట్టి తోటలోకెల్లండి" అన్నాడు. ఎవరూ వెళ్ళలేదు. ఆనాటి నుంచి ఆ ముసలాడంటే దాలమ్మకి ప్రాణం. అడిగి అడక్క అతను అడిగింది ఒక్క పండు. అది పెట్టకుండా పంపిస్తే తను మనిషినే కాననుకుంది.

"ఒలే దాలమ్మా, గుండు పేలిందేటి?" అని రోజూ పొద్దున్నే అడిగేవాడు జోగన్న.

"ఇంకా నేదు మావా."

"ఎందుకు పేల్లేదు? సెట్టు పండనేదా?"

"సెట్టు పండి వారమైనాది. సర్కారే ఇంకా పండనేదు."

ఒకరోజు ఆమె గుండె రాయి చేసుకుని అబద్ధమాడింది. పేలింది మావా, నువ్వు నిద్రలో ఉన్నావు, ఇదిగో తిను అని పండు చెక్కు తీసి నోటి దగ్గర పెట్టింది. జోగన్న పెదాలు బిగించాడు. "కోటమీద గుండు పేల్తే ఈ మంచం కోళ్ళు అదురుతాయే. అదరనేదు. ఏలినోడు తినకుండా నాను తిన్నానంటే, మా తాతలు అక్కడ నన్ను గుమ్మం ఎక్కనిత్తారా?" అన్నాడు. అన్నాడేగాని పండు వాసనకి ముక్కుపుటాలు ఎగరేశాడు. అది చూసి దాలమ్మకి ఏడుపొచ్చింది. అటు తిరిగి ముక్కు చీదుకుని, తొలిపండు ఉన్న గంప నెత్తినెట్టుకుని సచివాలయానికి బయల్దేరింది.

ఏనుగులసాలలో ఏనుగుల్ని కట్టే ఇనపకడియాలు ఇంకా నేలలోనే ఉన్నాయి. ఒక్కో కడియం దగ్గర ఒక్కో శాఖ కూర్చుంది. న్యాయశాఖ కడియం దగ్గర దాలమ్మ గంప దించి, సోమయాజులుగారికి దండం పెట్టింది.

"బాబూ, తొలిపండు తెచ్చాను. ఒక్క ముక్క కొరికి బాగుందనేయండి. మా మావ పానం కొట్టుమిట్టాడుతున్నాది."

సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడిచారు. "అమ్మీ, శాసనప్రకారము రాష్ట్రము తినవలెను. నేను రాష్ట్రమును కాను, రాష్ట్రసేవకుడను."

"మరి రాష్ట్రం ఎవలు బాబూ? ఇల్లెక్కడో సెప్పండి, ఎల్లి ఎట్టెత్తాను."

"అది పరిశీలనలో ఉన్నది."

అంతలో ముఖ్యమంత్రి వెంకటపతిగారు అటుగా వచ్చారు. ఆయన మామిడిపండంటే పడిచస్తారు. వాసన పట్టి నేరుగా గంప దగ్గరికొచ్చి చెయ్యి పెట్టారు. సోమయాజులుగారు గబుక్కున లేచి అడ్డం నిలబడ్డారు. "తమరు తినరాదు. రాజు తినవలసిన దానిని తమరు తిన్నచో తమరు రాజు అగుదురు. ప్రజలు రాజరికము మరల వచ్చినదని అల్లరి చేయుదురు. ప్రజాస్వామ్యము గంగలో కలియును."

వెంకటపతిగారు వేడి బాణలి ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రాజు అనే మాటంటే ఆయనకి హడలు. ఎన్నికల్లో రాజుని తిట్టే ఆయన గెలిచారు మరి. "పండుని జాగ్రత్త చెయ్యండి. ప్రభుత్వం ఈ విషయంలో గట్టి పట్టుదలతో ఉంది" అని చెప్పి, గంప వైపు ఇంకోసారి చూసి నిట్టూర్చి వెళ్ళారు. గంపకి గుడ్డ కట్టి, గుడ్డకి లక్కముద్ర వేశారు. ప్రభుత్వ పరిశీలన అలా మొదలైంది. ఈగలు మాత్రం ఏ అనుమతీ లేకుండా వెంటనే పరిశీలించాయి.

దాలమ్మ తిన్నగా కోటకెళ్ళింది. మల్లరాజుగారు బనీను వేసుకుని, తనకి మిగిల్చిన వసారాలో ఒక్కరే పేకాడుకుంటున్నారు. తనకి తనే ముక్కలు పంచుకుని, తన చేతిలో తనే ఓడిపోతున్నారు.

"మారాజా, మీరన్నా తినండి. మీరు తిన్నారంటే మా మావ ఇంకేటీ అడగడు."

"తినే నోరు ఇదే, అది మారలేదే దాలీ. తినే అధికారమే పోయింది" అన్నారాయన దిగులుగా. "ఆ సంతకం పెట్టేటప్పుడు ఏనుగులు పోతాయి, ఫిరంగి పోతుంది, కోట పోతుందని అన్నీ ఆలోచించాను. మామిడిపండు పోతుందని ఎవడూ చెప్పలేదు. ఇప్పుడు నేనూ పౌరుణ్ణే. రాష్ట్రం తినేదాకా నేనూ నోరు కట్టుకోవాలి. నిన్న మా వంటవాడు పండు కోస్తుంటే సబిన్‌స్పెక్టరొచ్చి, క్షమించండి ప్రభూ అని దండం పెట్టి పళ్ళెం పట్టుకుపోయాడు." ఆయన ఇస్పేటు రాణిని పక్కన పెట్టి, జోగన్నకెలా ఉందని అడిగారు. దాలమ్మ చెప్పింది విని మిగతా ముక్కలూ బోర్లించేశారు. పుట్టి బుద్ధెరిగాక తను తిన్న ప్రతి తొలిపండూ ఆ ముసలాడి చేతి మీదుగా వచ్చిందేనని ఆయనకి గుర్తొచ్చింది.

ఈలోగా సచివాలయంలో చేతులు ముడుచుకు కూర్చున్నారనుకోకండి. రాష్ట్రానికి నోరెక్కడుందో తేల్చడానికి జిహ్వా ఉపసంఘం ఏర్పడింది. అందులో ముగ్గురు సభ్యులు. ఒకాయనకి మధుమేహం. ఇంకొకాయనకి కట్టుడుపళ్ళు. మూడో ఆయన కాశీలో మామిడిపండు వదిలేసి వచ్చినవాడు. వీళ్ళయితే పండు మీద ఆశ లేకుండా నిష్పక్షపాతంగా ఉంటారని ఎంచారు. ఉపసంఘం మొదటి సమావేశంలో, తొలిపండు తీపో కాదో తెలియకుండా రాష్ట్రానికి ఎలా పెడతామన్న ప్రశ్న వచ్చింది. తీపో కాదో తెలియాలంటే ఎవరైనా తినాలి. తింటే నేరం. తినకుండా రుచి తెలుసుకునే పద్ధతిని పరిశీలించడానికి ఇంకో ఉపసంఘాన్ని వేసి, టీ తాగి లేచారు.

వారం తిరిగేసరికి సోమయాజులుగారు పుస్తకాలు తిరగేసి, రాష్ట్రమనగా భూభాగము, ప్రజలు, ప్రభుత్వము అని నిర్ధారించారు. ప్రభుత్వం తింటే రాజరికం. కాబట్టి భూభాగానికి పెట్టి చూద్దామన్నారు. దక్షిణపు పొలిమేరలో గొయ్యి తవ్వి, మంత్రులందరూ నిలబడి, లక్కముద్ర విప్పి పండుని గోతిలోకి దించారు. పండు అప్పటికి పండులా లేదు, వాసన మాత్రం ఉంది. మన్ను కప్పారు. భూభాగం "బాగుంది" అంటుందేమోనని అందరూ చెవులొగ్గి విన్నారు. వ్యవసాయశాఖ అధికారి మెల్లగా దగ్గి, "అయ్యా, దీన్ని మా శాఖలో తినడమనరు, విత్తడమంటారు. విత్తనం వేస్తే మా అనుమతి కావాలి" అన్నాడు. మళ్ళీ తవ్వి బయటికి తీశారు.

దాలమ్మ రోజూ వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చునేది. పొమ్మన్నా పోయేది కాదు. "మీ సట్టం మీకుంటాది బాబూ, మా మావకి పొద్దు నేదు" అనేది వచ్చినవాళ్ళందరితో. నలభై ఊళ్ళ తోటల్లో పళ్ళు రాలి కుళ్ళుతున్నాయి. చిన్నపిల్లలు చెట్ల కింద నిలబడి వాసన పీల్చి ఇళ్ళకి పోతున్నారు. జనం నవ్వడం మానేశారు. ముఖ్యమంత్రి కారు మీద ఎవరో మామిడిటెంక విసిరారు. టెంక విసిరారంటే పండు తిన్నారన్న మాటేనని పోలీసులు ఊరంతా గాలించారు. చివరికి అది పోయిన ఏటి టెంకని తేలింది.

టెంక తగిలాక వెంకటపతిగారికి చురుకు పుట్టింది. ఇక మిగిలింది ప్రజలే కదా, ప్రజలకే పెట్టండి అన్నారు. సోమయాజులుగారి ముఖం వెలిగింది. "అద్భుతము. ప్రజలందరు ఏకకాలమున కొరికినచో కొరికినది రాష్ట్రమే యగును. ఒక్కడు ముందుగా కొరికినచో అది నేరము. ఒక్కడు వెనుకబడినచో రాష్ట్రము అసంపూర్ణముగా కొరికినట్లు. కావున వచ్చు ఏకాదశినాడు ఏకకాలభక్షణము జరుగవలెను" అన్నారు. కుళ్ళినవి కుళ్ళగా పెద్దచెట్టు పైకొమ్మల్లో వెనకగా కాసిన కాయలు మిగిలి ఉన్నాయి. అవి పచ్చిగా ఉన్నాయి. ఏకాదశి ఉదయానికి పండి ఉండవలెనని వ్యవసాయశాఖ వాటికి ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు మీద నమ్మకం చాలక గడ్డిలో కూడా ముగ్గబెట్టారు.

ఊరూరా తర్ఫీదు మొదలైంది. బళ్ళోని డ్రిల్లుమేష్టర్లు జనాన్ని వరసలు కట్టించి దోసకాయ ముక్కలు పంచారు. "ఎత్తు" అంటే ముక్క ఎత్తాలి. "తెరు" అంటే నోరు తెరవాలి. "ఆగు" అంటే ఆగాలి. "కొరుకు" అంటే కొరకాలి. "ఆగు" దగ్గరే వచ్చింది చిక్కంతా. పళ్ళున్నవాళ్ళు ఆగలేకపోయారు, పళ్ళు లేనివాళ్ళకి అందరితోపాటు కొరకడం చేతకాలేదు. బోసినోటివాళ్ళు చప్పరించుట కొరుకుటతో సమానమని సవరణ వచ్చింది. చంటిపిల్లల వంతు తల్లులు కొరకవచ్చు. ఎక్కిళ్ళు వచ్చినవాళ్ళు ముందురోజే అర్జీ పెట్టుకోవాలి. జోగన్న మంచంలోనే పడుకుని దోసకాయముక్కతో శ్రద్ధగా నేర్చుకున్నాడు. నలభై ఊళ్ళలో అంత బాగా "ఆగు" చేసినవాడు ఇంకోడు లేడని డ్రిల్లుమేష్టరు మెచ్చుకున్నాడు.

"రాష్ట్రం తిన్నప్పుడే మనమూ తింటాం మావా. ఎవలికీ అపచారం నేదు" అని దాలమ్మ చెప్పింది.

"బాగానే ఉందిగాని, అందరమూ ఏలినోళ్ళమే అయితే ముందు తినేదెవలే?" అన్నాడు జోగన్న. ఆ ప్రశ్న సచివాలయం దాకా వెళ్ళకుండా దాలమ్మ జాగ్రత్తపడింది.

ఏకాదశినాడు కోటముందు మైదానంలో జనం వరసలు కట్టారు. మిగతా ఊళ్ళవాళ్ళు ఫిరంగి చప్పుడునే కొరుకు అన్న మాటగా తీసుకోడానికి, నోళ్ళు తెరుచుకుని తమ తమ ఊళ్ళలోనే నిలబడ్డారు. దాలమ్మ నలుగురి కాళ్ళూ గెడ్డాలూ పట్టుకుని జోగన్న మంచాన్ని మోయించి ముందు వరసలో పెట్టించింది. ముసలాడి ఊపిరి సన్నగిల్లింది. పక్కనే మల్లరాజుగారు ఉతికిన లాల్చీ వేసుకుని పౌరుడిలా నిలబడ్డారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క అందింది. వేదిక మీద వెంకటపతిగారు, సోమయాజులుగారు తమ ముక్కలు పట్టుకున్నారు.

"ఎత్తు" అన్నాడు డ్రిల్లుమేష్టరు. వేల చేతులు లేచాయి.

"తెరు." వేల నోళ్ళు తెరుచుకున్నాయి.

"ఆగు."

సరిగ్గా అప్పుడే తంతి జవాను సైకిలు తొక్కుకుంటూ వచ్చి వేదిక ఎక్కి ఒక కాగితం చేతికిచ్చాడు. వెంకటపతిగారు నోరు తెరుచుకునే చదివారు. చదివాక మూశారు. ఈ ఉదయం నుంచి తామరగెడ్డ రాష్ట్రం రద్దయింది, పక్క రాష్ట్రంలో ఒక తాలూకాగా కలిసిపోయింది. అదీ కబురు. వద్దు వద్దన్న పక్క రాష్ట్రం చివరికి ఎందుకు ఒప్పుకుందో ఎవరికీ తెలియదు.

డ్రిల్లుమేష్టరు "కొరుకు" అనడానికి జంకాడు. అనే అధికారం తనకుందో లేదో మరి. జనం ముక్కలు ఎత్తుకుని నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నారు. నోళ్ళు మూయమని చెప్పే అధికారమూ ఎవరికీ లేదు.

"ఇప్పుడు తినొచ్చా, లేదా?" అని మల్లరాజుగారు గట్టిగా అడిగారు.

సోమయాజులుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "రాష్ట్రము లేదు. లేనిది తినజాలదు. అది తిననిదే ఇతరులు తినరాదు. ఆచారము మాత్రము సజీవముగా నున్నది. అనగా, ఇకమీదట తామరగెడ్డలో మామిడిపండు ఎన్నటికిని ఎవ్వరును తినరాదు."

దాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. చెంగు బిగించి వేదిక దగ్గరికెళ్ళింది. "మీ నోట్లో మన్నడిపోను. బతికున్నన్నాళ్ళు తిననేదు, సచ్చీ తిననివ్వదా మీ రాష్ట్రం? మా మావ ఏం పాపం సేసినాడు బాబూ?" అని అరిచింది. సోమయాజులుగారు తల దించుకున్నారు. పాపం ఆయనకీ జోగన్న మీద కోపమేమీ లేదు.

మంచంలోంచి సన్నటి గొంతు వినబడింది. "ఏటైనాదే?"

దాలమ్మ వెనక్కి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "రాష్ట్రం పోనాది మావా."

"తినకుండానే?"

"తినకుండానే."

"అయ్యో, ముండాది, ఎంత ఆశ పడ్డాదో" అన్నాడు జోగన్న. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "ఆశతో పోనోళ్ళకి ఏం సేత్తాం? కాకికెడతాం. ఎట్టండి మరి. అలా సూత్తారేటి?"

జనమంతా సోమయాజులుగారి వైపు చూశారు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. న్యాయశాస్త్రంలో దీనికి సమాధానం లేదు, ఇంటిశాస్త్రంలో ఉంది. "కాకి ముట్టినచో పోయినవారు భుజించినట్లే. అది నిస్సందేహము" అన్నారు. "అయితే కర్త ఎవరు?"

"నా సంతకంతోనే పుట్టింది. నాకే తగుతుంది" అని మల్లరాజుగారు ముందుకొచ్చారు. లాల్చీ విప్పి, తడిగుడ్డ కట్టుకుని, విస్తరి ముక్క మీద తన మామిడిముక్క పెట్టి మైదానం మధ్యలో ఉంచి, దూరంగా వచ్చి చేతులు తట్టారు. కోటగోడ మీంచి ఒక కాకి దిగింది. ముక్క చుట్టూ తిరిగింది. మెడ వంచి చూసింది. ముట్టలేదు.

"ఏదో కోరిక ఉండిపోయిందండీ" అన్నారు జనం. పోయినవాళ్ళ కోరిక తీరుస్తామని మాటిస్తేనేగాని కాకి ముట్టదని అందరికీ తెలిసిందే. వెంకటపతిగారు చేతులు జోడించారు. "తల్లీ, నీ పేరుమీద రాతిసచివాలయం కట్టిస్తాం." కాకి రెండడుగులు వెనక్కి వేసింది. "ఉత్తరపు పొలిమేర ఇంకో కొండదాకా జరిపిస్తాం." కాకి ముక్కు రెక్కలో దూర్చి గోక్కుంది. సర్వేశాఖ ఏటేటా తలంటు పోయిస్తామంది. కాకి ఎగిరిపోబోయింది.

అప్పుడు సోమయాజులుగారు చెప్పులు విడిచి వేదిక దిగి వచ్చారు. "అమ్మా, ఇకమీదట ఏ విషయముమీదను ఉపసంఘము వేయము" అన్నారు.

కాకి గభాల్న వచ్చి ముక్క ఎత్తుకుంది. గోడ మీదికి ఎగిరి, తిని, గట్టిగా ఒక అరుపు అరిచింది. ఫిరంగి దగ్గరున్న మనిషి దాన్ని "బాగుంది" కింద జమ కట్టుకుని వత్తి ముట్టించాడు. గుండు పేలిన చప్పుడు కొండలకి తగిలి తిరిగొచ్చింది. నలభై ఊళ్ళలో తెరుచుకున్న నోళ్ళన్నీ ఒక్కసారి మూసుకున్నాయి.

దాలమ్మ జోగన్న తల తన ఒళ్ళో పెట్టుకుని, చేతిలో ముక్క అతని నోటికి అందించింది. జోగన్న కొరకలేదు, చప్పరించాడు. కళ్ళు మూసుకుని మెల్లమెల్లగా చప్పరించాడు. రసం గడ్డం మీదికి కారింది. ఆమె చెంగుతో తుడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు తమ ముక్కలు తినడం మానేసి అతన్నే చూస్తున్నారు. మల్లరాజుగారు తడిగుడ్డతోనే వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఎలాగుంది మావా?" అంది దాలమ్మ.

జోగన్న మింగాడు. కళ్ళు తెరిచి కోడలి ముఖంలోకి చూశాడు.

"పులుపే" అన్నాడు. "తొందరపడ్డారు. ఇంకో నాలుగు దినాలు ఆగాల్సింది."

దాలమ్మ అతని తలని గుండెకి హత్తుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. ముసలాడు చెయ్యి పైకెత్తి, ఇంకో ముక్క ఉంటే పెట్టమని సైగ చేశాడు.